అమ్మానాన్నల బాధ్యతకూ రెండో కాన్పుకూ ముడిపెట్టకండి

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మావారూ నేనూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఆరేళ్ల పాప ఉంది. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే, మావారూ ఒక్కడే కొడుకు. అత్తగారు మా దగ్గరే ఉంటారు. ఊళ్లో ఉన్న నాన్నకు (74) ఆర్నెల్ల క్రితం పక్షవాతం వచ్చింది. అమ్మ (68) చూసుకుంటోంది. ‘ఒక్క పిల్లతో ఆపేస్తే రేపు మీ గతీ ఇంతే, రెండో బిడ్డను కను’ అని బంధువులు పోరుతున్నారు. తమను చూసుకుంటానన్న మా పెదనాన్న కొడుకు పేర ఇల్లు రాసేస్తానని నాన్న అంటున్నారు. నాకు దిక్కు తోచడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో అమ్మ గురించి ఒకే ఒక్క మాట ఉంది. నా దిగులంతా ఆవిడ గురించే. నాన్నను మంచం మీంచి లేపడం, రాత్రి బాత్రూమ్‌కి నడిపించడం, వేళకు మందులివ్వడం, బట్టలు మార్చడం, అన్నీ 68 ఏళ్ల మనిషి ఒంటరిగా చేస్తున్నారు. ఆవిడ నడుం పట్టేసినా, కాలు జారినా ఒకే రోజున ఇద్దరు మంచాన పడతారు. కాబట్టి ముందు ఆవిడకు నిద్ర దొరికే ఏర్పాటు చూడండి.

ఒక వారం పాటు రాత్రి ఎన్నిసార్లు లేచారో, ఏ పనికి ఎంతసేపు పట్టిందో అమ్మను కాగితం మీద రాయమనండి. రాయలేనంటే రోజూ ఫోన్‌లో అడిగి మీరే రాయండి. రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంటే పగటి ఆయా కన్నా రాత్రి మనిషే ముఖ్యం. చాలామంది పగటి మనిషిని పెట్టి, అమ్మకు ఇంకా నీరసమెందుకని ఆశ్చర్యపోతారు. మంచం పక్కన కమోడ్ కుర్చీ, బాత్రూమ్ గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న లైటు ఈ వారమే పెట్టించండి. ఫిజియోథెరపీ మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టించండి. బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా ఉమ్మడి ఖాతాగా మార్పించండి. నాన్న సంతకం చేయలేని రోజు వస్తే అమ్మ చేతిలో రూపాయి ఆడదు. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. నాన్నకూ, 70 నిండి ఉంటే అత్తగారికీ తీయించండి.

ఇక రెండో బిడ్డ సంగతి. మీ ఇద్దరికీ కావాలనిపిస్తే కనండి, ఈ వయసులో కాన్పు గురించి డాక్టరును అడిగి మరీ. పెద్దల ఆసరా కోసమని మాత్రం వద్దు. ఇప్పుడు పుట్టే బిడ్డకు పదేళ్లు వచ్చేసరికి నాన్నకు 85, అమ్మకు 79 ఉంటాయి. వాళ్లకు మీ చేయి బాగా కావలసిన ఆ పదేళ్లే బిడ్డకూ కావాలి. బరువు పంచుకోవాల్సిన మనిషి బరువు పెంచే రోజులవి. మీ ముసలితనానికంటారా, ఇద్దరున్నా ఇద్దరూ దూర దేశాల్లో ఉండొచ్చు. దానికి ఇప్పటినుంచే పొదుపు, ఆరోగ్య బీమా మొదలుపెట్టుకోండి.

పెద్దలను చూసుకునే పిల్లలు తక్కువవడం మీ ఒక్కింటి లోటు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు తెలంగాణలో 1.8, ఆంధ్రలో 1.7. తరానికి తరం సరిపోవాలంటే సుమారు 2.1 ఉండాలి. దక్షిణ కొరియాలో 2023 నాటికి ఆ లెక్క 0.72కి పడిపోయింది. తల్లిదండ్రుల సేవను కోడలి ధర్మంగా చూసిన జపాన్ 2000లో, కొరియా 2008లో వృద్ధుల సంరక్షణకు ప్రత్యేక బీమా తెచ్చాయి, ఇంటివాళ్లతోనే గడవదని ఒప్పుకుని. మనకు అలాంటి బీమా లేదు కాబట్టి డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడం తప్పేమోనని కుమిలిపోకండి.

ఇంటి విషయంలో తొందర వద్దని నాన్నకు గట్టిగా చెప్పండి. ఒకసారి గిఫ్ట్ డీడ్ (ఆస్తిని దానంగా రాసిచ్చే దస్తావేజు) రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం కష్టం. ‘నన్నూ నా భార్యనూ జీవితాంతం పోషించాలి’ అన్న షరతు దస్తావేజులోనే ఉంటే, ఆ మాట తప్పినప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు. నోటిమాటతో రాసిచ్చినవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు. వీలునామా అయితే నాన్న బతికున్నంతకాలం మార్చుకోవచ్చు. ఏది రాసినా అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కు అందులో ఉండి తీరాలి. పెదనాన్న కొడుకు నిజంగా చేయగలిగితే మంచిదే. అతను చేసే పనికి నెలనెలా డబ్బివ్వండి, ఇల్లు ఇప్పుడే ఇవ్వక్కర్లేదు.

ఆడపిల్లననే సంకోచం వదిలేయండి. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం తల్లిదండ్రుల పోషణ బాధ్యతను కొడుకుతో పాటు కూతురి మీదా పెట్టింది. పెళ్లయిన కూతురికీ ఈ బాధ్యత ఉంటుందని సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. ఈ సంగతి మీవారితో కూర్చుని మాట్లాడండి: మీ జీతంలో ఎంత అటు వెళ్తుంది, నెలలో ఏ రెండు వారాంతాలు మీరు ఊరెళ్తారు, ఆ రోజుల్లో పాపనూ అత్తగారినీ ఆయన ఎలా చూసుకుంటారు. అమ్మానాన్నలను హైదరాబాద్ తెచ్చే ఆలోచన ఉంటే ముందు నెలరోజులు ఉంచి చూడండి, ఊళ్లో ఇంటికి తాళం వేసి, అమ్మకుండా.