ఏడో నెలలో సంక్రాంతికి ఊరెళ్లొచ్చా? అరిసెలు తినొచ్చా?

ప్రశ్న: నా వయసు 29. తొలి కాన్పు. సంక్రాంతి నాటికి 28 వారాలు నిండుతాయి. గ్లూకోజు తాగించి చేసిన పరీక్షలో రెండు గంటల షుగర్ 152 వచ్చింది. మందులు అక్కర్లేదు, తిండితోనే అదుపు చేసుకోమని డాక్టరు చెప్పారు. హిమోగ్లోబిన్ 10.2. పండక్కి హైదరాబాద్ నుంచి భీమవరం అత్తారింటికి కారులో వెళ్లాలనుకుంటున్నాం. వెళ్లొచ్చా? బెల్లంతో చేసిన అరిసెలు తింటే పర్వాలేదా? నువ్వులు వేడి, వద్దని మా అత్తయ్య అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: వెళ్లొచ్చు. కాకపోతే ముందు మీ రిపోర్టులు ఒకసారి తిరగేయండి. మాయ (ప్లాసెంటా) కిందికి ఉందని స్కానింగ్‌లో రాసినా, ఈ మధ్య రక్తం కనిపించినా, బీపీ 140/90కి చేరినా, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉందన్నా ఈ ఏడాదికి ఊరు మానుకోవాలి. ఇవేవీ లేకపోతే అభ్యంతరం లేదు. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపు, మీవారిది పాజిటివ్ అయితే, బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ సంగతి ఇప్పుడే డాక్టరును అడగండి. అది వేయాల్సింది 28 వారాల దగ్గరే, అంటే సరిగ్గా మీ పండగ రోజుల్లోనే. హడావుడిలో తప్పిపోతుంది.

మీరు అరిసెల గురించి అడిగారు గానీ, నాకు వాటికంటే కారు ప్రయాణం మీదే ఎక్కువ బెంగ. మామూలుగా ఏడెనిమిది గంటల దారి. భోగికి ముందు రెండు రోజులు పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన వాహనాల్లో చిక్కుకుంటే ఎంతసేపు పడుతుందో చెప్పలేం. దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరకదని చాలామంది పొద్దున్నుంచీ నీళ్లు మానేస్తారు. అసలు తంటా అక్కడే. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది, దాన్ని గంటల తరబడి ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్‌కు దారి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. పైగా గర్భిణులకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. కదలకుండా కూర్చుంటే, ఒంట్లో నీరు తగ్గితే అది ఇంకా పెరుగుతుంది.

అందుకే భోగికి మూడు నాలుగు రోజులు ముందుగా, తెల్లవారుజామున బయల్దేరండి. గంటకో గ్లాసు నీళ్లు తాగండి. ప్రతి రెండు గంటలకు కారు ఆపించి, టాయిలెట్‌కు వెళ్లి, ఐదు పది నిమిషాలు నడవండి. కూర్చున్నప్పుడు అరగంటకోసారి పాదాలను పైకీ కిందికీ ఓ ఇరవై సార్లు ఆడించండి. సీటుబెల్టు పొట్ట నొక్కుతుందని తీసేయకండి. కింది పట్టీ పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా రావాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి, పొట్టకు పక్కగా పోవాలి. పొట్ట మీదుగా బెల్టు పెట్టుకుంటే గట్టి బ్రేకుకు మాయ మీద ఒత్తిడి పడుతుంది. దారికి ఉడకబెట్టిన గుడ్లు, వేయించిన శనగలు, జామకాయలు పెట్టుకోండి. పొద్దున వండిన పులిహోర సాయంత్రం దాకా కారు వేడిలో ఉంటే అది తినకండి. నిలవున్న అన్నంలో పెరిగే బాక్టీరియా విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఇక అరిసెలు. బెల్లం కాబట్టి పర్వాలేదనుకోకండి. రక్తంలో షుగర్ పెంచడంలో బెల్లానికీ చక్కెరకూ పెద్ద తేడా లేదు. అరిసెలో బెల్లంతో పాటు బియ్యప్పిండి కూడా ఉంది. మధ్యరకం అరిసె ఒకటి తింటే అర కప్పు అన్నం తిన్నదానికి తక్కువేం కాదు. పూర్తిగా మానమని అనను. రోజుకు సగం, మహా అయితే ఒకటి. అదీ మధ్యాహ్నం కూర, పప్పు, పెరుగుతో భోజనం చేశాక, ఆ మేరకు అన్నం తగ్గించుకుని. పొద్దున టిఫిన్‌తో మాత్రం వద్దు. గర్భిణుల్లో ఇన్సులిన్ పనితనం పొద్దున పూటే బాగా మందగిస్తుంది, అందుకే అదే అరిసె ఉదయం తింటే షుగర్ ఎక్కువ ఎగబాకుతుంది. తిన్నాక పావుగంట వాకిట్లో నడవండి. గ్లూకోమీటరు వెంట తీసుకెళ్లండి. పరగడుపున 95 లోపు, మొదటి ముద్ద నుంచి లెక్కేసి రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఏ పూట దాటిందో, ఆ పూట ఏం తిన్నారో రాసుకోండి. రెండు మూడు సార్లు దాటితే పండగ అయ్యేదాకా ఆగకుండా మీ డాక్టరుకు ఫోన్ చేయండి.

సున్నుండల్లో మినుముల మాంసకృత్తులు ఉన్నా బెల్లం లెక్క మారదు. జంతికలు, చెక్కలతో షుగర్ కంటే ఉప్పు, నూనె సమస్య. నాటుకోడి కూర, గుమ్మడికాయ దప్పళం నిక్షేపంగా తినండి. జున్ను గట్టిగా పేరుకునేదాకా ఆవిరి మీద ఉడికితేనే ముట్టుకోండి, పచ్చిపాలు తాగొద్దు. పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టకూడదనే పట్టింపు మీకు వర్తించదు. పొట్ట ఖాళీగా ఉంచి తర్వాత ఒక్కసారిగా పిండివంటలు తింటే షుగర్ అదుపు తప్పేది అప్పుడే.

నువ్వుల విషయంలో మీ అత్తయ్యగారి మాట పెద్దలు చెబుతూ వస్తున్నదే. అరిసెల మీద అద్దిన నువ్వులు, పచ్చట్లో వేసిన చెంచాడు నువ్వులతో గర్భం పోదు. ఎలర్జీ లేకపోతే చాలు.

హిమోగ్లోబిన్ 11 ఉండాలి, మీకు కాస్త తక్కువ. ఊళ్లో టాబ్లెట్లు మానేయకండి. ఐరన్, కాల్షియం కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటబట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌కు ముందూ వెనకా గంటసేపు కాఫీ, టీ వద్దు. నిమ్మరసం, జామకాయ మంచివి.

భోగి మంట గుమ్మంలోంచి చూస్తే చాలు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డ రక్తంలోకి చేరి ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. టైర్లు, ప్లాస్టిక్ వేసిన మంటయితే ఇంకా చేటు. తలంట్లు పోసుకునేటప్పుడు నూనె కారిన బాత్రూం నేల మీద జాగ్రత్త, పక్కన ఎవరినైనా ఉంచుకోండి. ముగ్గు వేయాలని ఉంటే చిన్న స్టూలు మీద కూర్చుని వేయండి. చాలాసేపు వంగి ఒక్కసారి లేస్తే కళ్లు తిరుగుతాయి. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపువాళ్లు ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. 20 వారాలు దాటాక అవి బిడ్డ మూత్రపిండాలకు, ఉమ్మనీటికి ముప్పు. జ్వరానికైనా నొప్పికైనా పారాసిటమాల్ సరిపోతుంది.

బయల్దేరకముందే భీమవరంలో పురిటితో పాటు నెలలు నిండని బిడ్డను చూసుకునే ఏర్పాటు ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కోండి. 28 వారాలకు పుట్టే బిడ్డకు మొదటి గంటలు అక్కడే గడవాలి. రక్తం, ఉమ్మనీరు కనిపించినా, పొట్ట పదే పదే బిగుసుకుంటున్నా, తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, పొట్ట పైభాగంలో నొప్పి, మొహం వాపు వచ్చినా, ఒక్క కాలే వాచి నొప్పెట్టినా వెంటనే 108కి ఫోన్ చేయండి. భోజనం తర్వాత ఎడమ పక్కకు పడుకుని బిడ్డ కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రాకపోయినా, రోజూ ఉండే కదలికలు బాగా తగ్గినట్టు అనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ పట్టింపు ఇక్కడ పెట్టుకోవద్దు. అంతా బాగుంటే మాత్రం కనుమ మర్నాటి రద్దీ తగ్గాక, మరో రెండు రోజులు ఆగి నెమ్మదిగా తిరిగి రండి. షుగర్ రాసుకున్న కాగితం మీ డాక్టరుకు చూపించండి.