అమ్మాబాపుతో సముద్రంలో చేపలకు వెళ్లేవాళ్లకు

"అన్నా, జూన్‌ల అమ్మా బాపూ హ్యూస్టన్ వస్తున్నరు. పిల్లలను తీసుకొని అందరం సముద్రం లోపలికి చేపలకు పోదామనుకుంటున్నం. ఏ బోటు బుక్ చేయాలె?" వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఎండాకాలం రాగానే నన్ను అడిగే ప్రశ్న ఇది. సెలవులకు వచ్చి హనుమకొండలో మా ఇంట్లో కూర్చొని ఈ జవాబు రాస్తున్నాను. వీసా చేతికొచ్చి సూట్‌కేసులు సర్దుకుంటున్న పెద్దవాళ్లు కూడా చదవాలని నా కోరిక.

బోటు సంగతి తర్వాత. ముందు మీ ఇంట్లో అందరికంటే తట్టుకోలేని మనిషి ఎవరో చూసుకోండి. అరవై దాటిన అమ్మా, నాలుగేళ్ల పాపా? ట్రిప్పు వాళ్లను బట్టి ఎంచుకోవాలి, పడే చేపను బట్టి కాదు. మనది సముద్రం లేని నేల. పాకాల, రామప్ప, లక్నవరం, ధర్మసాగర్ చూసి పెరిగాం. మత్తడి దూకే నీళ్లల్లో గాలం వేసిన బాపుకు చేపల గురించి బాగా తెలుసు. కానీ ఒడ్డు కనబడని చోట, బోటు అన్ని వైపులా ఊగుతుంటే గంటల తరబడి నిలబడటం వేరే సంగతి. వైజాగ్ బీచ్‌లో కాళ్లు తడుపుకున్న అనుభవం అక్కడ పనికిరాదు.

పార్టీ బోటు అంటే చాలామంది కలిసి వెళ్లే పెద్ద పడవ, మనిషికి ఇంత అని టికెట్. ఖర్చు తక్కువే గానీ, మీ అమ్మకు కడుపులో తిప్పినంత మాత్రాన వెనక్కి తిప్పరు. ప్రైవేట్ చార్టర్ అయితే బోటంతా మీదే. మీరు అడిగితే కెప్టెన్ ఒడ్డుకు తెచ్చేస్తాడు, డబ్బు మాత్రం రాదు. ఒక ముఖ్యమైన విషయం: చిన్న చార్టర్లు చాలావరకు కోస్ట్ గార్డ్ లెక్క ప్రకారం ఆరుగురు ప్రయాణికులకు మించి ఎక్కించుకోకూడదు. చంకలో పాప ఉన్నా ఒక మనిషి కిందే లెక్క. రెండు కుటుంబాలు కలిసి బుక్ చేసి, ఏడో మనిషిని ఒడ్డు మీద వదిలే పరిస్థితి తెచ్చుకోకండి.

హ్యూస్టన్‌కు దగ్గర్లో సముద్రం ఒడ్డునున్న ఊరు గాల్వెస్టన్. అక్కడ సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. మంచి స్నాపర్ చేప పడే చోటికి పోవడానికే గంటలు పడుతుంది, రావడానికి మళ్లీ అంతే. అందుకే మొదటిసారి పెద్దవాళ్లతో పోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది, గాల్వెస్టన్ బే (నేల లోపలికి వచ్చిన సముద్రపు పాయ)లో నాలుగు గంటల ట్రిప్పు తీసుకొమ్మని. అలలు తక్కువ, ఒడ్డు కనబడుతూనే ఉంటుంది, రెడ్‌ఫిష్, ట్రౌట్ పడతాయి, పిల్లలు గాలం లాగిన సంబరం పడతారు. లోతు సముద్రమే కావాలంటే సెలవుల్లో ఫ్లోరిడాలోని డెస్టిన్ వెళ్లండి. అక్కడ లోతు ఒడ్డుకు చాలా దగ్గరలోనే మొదలవుతుంది, ప్రయాణం తగ్గుతుంది.

ఇక వాంతులు. దీని గురించే నాకు ఎక్కువ టెన్షన్, ఎందుకంటే రోజు పాడయ్యేది దీనివల్లే. మాత్ర బోటెక్కాక వేసుకుంటే లాభం లేదు. ముందు రోజు రాత్రి ఒకటి, బయల్దేరే గంట ముందు ఒకటి వేసుకునేవాళ్లు ఎక్కువ. అమెరికాలో డ్రామమైన్, బోనీన్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతాయి. కానీ గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవాళ్లకు ఇవి పడకపోవచ్చు, మత్తు కూడా వస్తుంది. కాబట్టి హనుమకొండలో బీపీ, షుగర్ చూసే డాక్టర్‌నే విమానం ఎక్కకముందు అడిగి రమ్మనండి. పిల్లల మోతాదు అమెరికాలో పిల్లల డాక్టర్ చెప్పాలి. పొద్దున ఖాళీ కడుపుతో పోవద్దు, అట్లని పూరీలు తిని పోవద్దు. రెండు ఇడ్లీలు చాలు. బోటు మధ్యలో, కొంచెం వెనక వైపు ఊపు తక్కువ. డీజిల్ పొగ వచ్చే చోట మాత్రం నిలబడనియ్యకండి. లోపల గదిలో పడుకోబెడితే ఇంకా ఎక్కువవుతుంది. గాలి తగిలేలా కూర్చోబెట్టి, దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూడమనండి. ఫోన్ చూడొద్దని పిల్లలకు ముందే చెప్పాలి.

మధ్యాహ్నం ఉరుముల వాన వచ్చే కాలం కాబట్టి పొద్దున ట్రిప్పే మంచిది. పాప కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉందా, టాయిలెట్ ఉందా అని ఫోన్‌లోనే అడగండి. రెండో ప్రశ్న అడగడానికి మొహమాటపడితే ఇబ్బంది పడేది అమ్మే.

చేపలు పట్టే లైసెన్స్ విషయంలో రాష్ట్రాన్ని బట్టి తేడా ఉంది. ఫ్లోరిడాలో చార్టర్ వాళ్ల లైసెన్సే ఎక్కినవాళ్లకూ సరిపోతుంది. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ గాలం పట్టాలంటే సొంత లైసెన్స్ తీసుకోవాలి. విజిటర్ వీసా మీద వచ్చిన బాపు కూడా. ఒక్క రోజు లైసెన్స్ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో కొనొచ్చు.

మృగశిర కార్తె నాడు చేప తినాలని మన దగ్గర పట్టింపు కదా. అదృష్టం ఏమిటంటే అక్కడి సముద్రం, అంటే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వం కింద ఉండే) నీళ్లల్లో చార్టర్ బోట్లకు రెడ్ స్నాపర్ సీజన్ కూడా దానికి కొద్ది రోజుల ముందే, జూన్ 1న మొదలవుతుంది. టెక్సాస్ ఒడ్డు నుంచి 9 నాటికల్ మైళ్లు దాటితే ఆ నీళ్లు. మనిషికి రెండే స్నాపర్లు, 16 అంగుళాలకు తగ్గితే వదిలేయాలి. లోతు నుంచి లాగిన చేప లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా పైనే తేలి చచ్చిపోతుంది. అందుకే దాన్ని బరువు కట్టిన పరికరంతో కిందికి దింపి వదులుతారు. పిల్లలను దగ్గరికి పిలిచి అది చూపించండి, ఆ రోజు వాళ్లు నేర్చుకునే వాటిలో ఇది మంచిది.

తేదీ పెట్టేముందు అమ్మను అడగండి. శనివారం నీసు ముట్టదేమో, శ్రావణమంతా ఆ ఊసే వద్దంటుందేమో. సకినాలు డబ్బాలో పెట్టుకోండి, అరటిపండ్లు మాత్రం వద్దు. పడవలో అరటిపండు అపశకునమని చాలామంది కెప్టెన్లు నమ్ముతారు. వాళ్ల నమ్మకాన్ని మనం గౌరవించాలి. చేపకు ఎర గుచ్చి, చిక్కు విప్పి, రోజంతా నిలబడే డెక్‌హ్యాండ్‌కు ట్రిప్పు ధరలో 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం అక్కడి పద్ధతి. ఆ డబ్బు మొదటే లెక్కలో వేసుకోండి.

ఒడ్డుకు రాగానే చేపలు కోసిస్తారు. మీరేమీ చెప్పకపోతే రెండు వైపులా మెత్తటి కండ తీసి, తల, ముల్లు పెలికాన్లకు వేస్తారు. పులుసుకు కావలసింది అదే కదా! కత్తి పెట్టకముందే చెప్పండి: పొలుసు తీసి, కడుపు శుభ్రం చేసి, అడ్డం ముక్కలు కొట్టి, తల ఇవ్వమని. ఐస్ నింపిన కూలర్ కారులో ఉండాలి.

కింగ్ మాకరెల్ పడితే మన వంజరం లాగే ఉందని అమ్మ మురిసిపోతుంది, నిజంగానే అది ఆ జాతి చేపే. కానీ దానిలో పాదరసం ఎక్కువ. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినొద్దని అమెరికాలో తిండి, మందుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే చేపల్లో అదొకటి. అమ్మలు చాలామంది వచ్చేదే కూతురికో కోడలికో కాన్పు చేయడానికి కాబట్టి ఈ మాట బోటెక్కకముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. కడుపుతో ఉన్న అమ్మాయిని ఒడ్డు మీదే ఉంచి, ఆమె కోసం స్నాపర్ ముక్కలు విడిగా కట్టించండి. అది వారానికి ఒకసారి తినొచ్చు, ఆ వారం ఇంక వేరే చేప వద్దు.