ఆల్ డే ఈవెంట్‌కి గంటలు అంటగట్టకు

చిన్నా,

కేలెండర్ యాప్ రాస్తున్నావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషమేసింది. ఒక్క సంగతి మాత్రం మొదటి రోజే తేల్చుకో. ఆల్ డే ఈవెంట్ (పండగ, పుట్టినరోజులా రోజంతా ఉండేది) అంటే తేదీ, టైము కాదు. అర్ధరాత్రి 12 నుంచి మర్నాడు అర్ధరాత్రి 12 దాకా అని డేటాబేస్‌లో దాచావంటే తర్వాత ఎన్ని మరమ్మతులు చేసినా తెమలదు.

నేను అలాగే దాచాను. 2025 సంక్రాంతిని జనవరి 14 అని హైదరాబాద్‌లో ఎక్కిస్తే, లోపల అది యూటీసీలో (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం) 13 సాయంత్రం 6:30 అయింది, న్యూజెర్సీలో ఉన్న మీ అక్క ఫోన్‌లో 13 మధ్యాహ్నం 1:30కి మొదలై రెండు గడుల మీదుగా పట్టీలా సాగింది. "నాన్నా, పండగ ఇవాళా రేపా?" అని తను అడిగితే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టైమ్‌జోన్ లేని ఉత్త తేదీగానే దాచు.

ఐకేలెండర్ ఫైళ్లు (కేలెండర్ యాప్‌లు ఈవెంట్లని ఇచ్చిపుచ్చుకునేవి) చదివేటప్పుడు ఇంకో మెలిక ఉంది. వాటి నియమాలున్న 2009 నాటి ఆర్ఎఫ్‌సీ 5545 పత్రం ప్రకారం ముగింపు తేదీ లెక్కలోకి రాదు. భోగి, సంక్రాంతి, కనుమ కలిపి 13 నుంచి 15 దాకా అయితే డీటీఎండ్‌లో, అంటే ముగింపు తేదీ రాసే చోట, 16 ఉండాలి. 15 అని రాస్తే కనుమ ఎగిరిపోతుంది. తెరమీద మాత్రం 15 అనే చూపించు, మనుషులు అలాగే లెక్కపెడతారు.

ఇక వరస. ఆల్ డేవి పైన, టైమున్నవి కింద, ఇది అందరికీ అలవాటే. ఆల్ డేవాటిలో ముందు మొదలైంది ముందు, ఒకే రోజు మొదలైతే ఎక్కువ రోజులది పైన. పొడుగు పట్టీ కింద ఉంటే, పైన ఉన్న ఒక్కరోజువి అయిపోయాక మర్నాటి గడిలో దాని పైన ఖాళీ మిగిలిపోతుంది. వెబ్ పేజీల్లో కేలెండర్ చూపించే ఫుల్‌కేలెండర్ లైబ్రరీ కూడా మామూలుగా మొదలు తేదీ, తర్వాత నిడివి చూసి, చివర్లో పేరు చూస్తుంది.

ఆ పేరు దగ్గరే మనవాళ్లకి ఇబ్బంది. యూనికోడ్ నంబర్లతో (కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఉండే నంబరు) పోలిస్తే అంకెలు ముందు, ఇంగ్లిష్ తర్వాత, తెలుగు ఆ తర్వాతెప్పుడో. తెలుగులో రాసుకున్న 'అమ్మ తద్దినం', ఇంగ్లిష్‌లో రాసిన కరెంటు బిల్లు కిందికి పోతుంది, ఫోన్‌లో గడి చిన్నది కాబట్టి '+3' (ఇంకో మూడున్నాయనే గుర్తు) వెనక దాక్కుంటుంది. అందుకే చాలామంది పేరు ముందు 1, 2 అని తగిలిస్తారు. వాళ్లకా అవస్థ లేకుండా వేలితో పైకీ కిందికీ జరుపుకోనివ్వు, ఆ వరసని గుర్తుపెట్టుకో.

విడుదల చేసేముందు ఫోన్ టైమ్‌జోన్ న్యూయార్క్‌కి మార్చి పుట్టినరోజులన్నీ ఒకసారి చూసుకో. వరస పెట్టే సార్టింగ్ కోడ్ నాకు పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను.

పెదనాన్న