సెల్లార్లో పడి ఉన్న బండి గురించి అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. స్ప్లెండర్. ఏపీ 15 నంబరు, అంటే మన కరీంనగర్ బండే. ఎక్కడో హైదరాబాద్ నిజాంపేట అపార్ట్‌మెంట్ సెల్లార్లో, పిల్లర్ పక్కన, వెనక టైరు గాలి పోయి ఒక వైపుకి ఒరిగి ఉంది. చూస్తే ప్రాణం ఉసూరుమంది. "రెండేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు మామయ్యా, బ్యాటరీ వేయించి నేను వాడుకోనా, లేకపోతే పాత ఇనుము వాళ్లకు వేసేద్దామా" అని అడిగావు. రెండూ వద్దు. ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను, ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు.

ముందు నా మెకానిక్ షెడ్డులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒక కుర్రాడు క్లచ్ ప్లేట్లు వేయమని బండి ఇచ్చి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఏడాది చూశాను. షెడ్డులో చోటు తక్కువ, ఆ బండిని రోజూ పొద్దున బయటికి, రాత్రి లోపలికి తొయ్యాలి. ఒకరోజు ఎవరికో అర్జెంటుగా కార్బురేటర్ కావలసి వస్తే దాన్నుంచి ఊడదీసి వేశాను. తర్వాత అద్దాలు, ఆ తర్వాత చైను. ఇంక రాడులే అనుకున్నాను. మరో ఆరు నెలలకు వాళ్ల నాన్న వచ్చాడు. కొడుకు మస్కట్ వెళ్లాడట, ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరిగిపోతోందట, బండి అమ్మి కొంత కడదామని వచ్చాడు. తాళం చెవి రుమాలులో ముడి వేసుకుని తెచ్చాడు. బండి చూసి నన్ను ఒక్క మాట అనలేదు. కార్బురేటర్ ఉండాల్సిన చోట వేలు పెట్టి తడిమి, అక్కడే గడప మీద కూర్చున్నాడు. అన్నీ కొత్తవి వేసి, కూలి తీసుకోకుండా ఇచ్చాను. అయినా ఆ పెద్దాయన తడిమిన తీరు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆ రోజు నుంచి ఏ బండినీ దిక్కులేని బండి అనుకోలేదు.

అందుకే ముందు మనిషిని వెతుకు. బండి సంగతి తర్వాత.

వాచ్‌మన్‌తో మొదలుపెట్టు. ఇప్పుడున్నవాడు కొత్తవాడైతే పాతవాడి నంబరు సంపాదించు. ఏ ఫ్లాట్‌లో ఎవరు అద్దెకుండేవాళ్లో, ఎవరు హడావుడిగా ఖాళీ చేశారో వాళ్లకు తెలిసినంతగా అసోసియేషన్ సెక్రటరీకి కూడా తెలియదు. హాస్టల్లో ఉన్న తమ్ముడి బండి, అమెరికా వెళ్లిన కొడుకు బండి, విడిపోయిన భార్యాభర్తల్లో ఎవరిదో ఒకరి బండి, ఇలాంటివే ఎక్కువ ఉంటాయి. ఓనరు ఆసుపత్రి పాలైతే కూడా బండి అలాగే పడి ఉంటుంది. అసలు మనిషే లేకపోతే ఇంట్లోవాళ్లకు దాన్ని చూడబుద్ధి కాక వదిలేస్తారు.

తర్వాత బండిని చదువు, ముట్టుకోకుండా. టైరు పక్క గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. టైరు కొత్తదై, దాని మీద వెంట్రుకల్లాంటి రబ్బరు ముళ్లు ఇంకా ఉంటే, పాపం ఎవరో డబ్బు పెట్టి టైరు వేయించుకుని నాలుగు రోజులు కూడా తిరగలేదన్నమాట. అలాంటి బండిని కావాలని వదిలేయరు. చైను మీద తుప్పు, సైలెన్సర్ మూతిలో కందిరీగలు పెట్టిన మట్టి గూడు, సీటు మీద దుమ్ము మందం, ఇవన్నీ ఎన్నాళ్లుగా ఉందో చెబుతాయి. మూడో ఫొటోలో ట్యాంకు కింద సగం చిరిగిన సర్వీసు స్టిక్కరు కనబడింది నాకు. దాని సంగతి చివర్లో రాస్తాను.

ఏపీ 15 అంటే తెలంగాణ రాకముందు, 2014 జూన్‌కు ముందు రిజిస్టర్ అయిన బండి. సొంత వాడకం బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. కాబట్టి దీని గడువు తీరిపోయి ఉండొచ్చు. రవాణా శాఖ వెబ్‌సైటులోనో ఎం-పరివాహన్ యాప్‌లోనో నంబరు కొట్టి చూడు. ఓనరు పేరు పూర్తిగా చూపించదు, మధ్యలో చుక్కలు పెడుతుంది, అయినా ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. ట్రాఫిక్ పోలీసుల ఈ-చలానా సైటులో కూడా నంబరు కొట్టు. పెండింగ్ చలానా ఏదైనా ఉంటే తేదీ, చోటు ఉంటాయి, చాలాసార్లు ఫొటో కూడా ఉంటుంది. బండి ఆఖరిసారి ఏ రోడ్డు మీద తిరిగిందో అక్కడ పట్టుకోవచ్చు.

ఇవి చేస్తూనే బండికి ఒక కాగితం అంటించు. "ఈ బండి ఎవరిదైనా 30 రోజుల్లోగా అసోసియేషన్‌ను కలవండి, లేకపోతే పోలీసులకు తెలియజేస్తాం" అని తేదీ వేసి సెక్రటరీతో సంతకం పెట్టించు. అంటించాక ఫొటో తీసుకో. అదే కాగితం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టు. పాత అద్దెవాళ్ల నంబర్లు ఫ్లాట్ ఓనర్ల దగ్గర ఉంటాయి, వాళ్లను పంపమను.

నెల గడిచినా ఎవరూ రాకపోతే పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. నోటితో చెప్పి రావద్దు. నంబరు, రంగు, ఎప్పటి నుంచి ఉందో రాసి, నోటీసు ఫొటో జత చేసి రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకోండి. పూర్తి పేరూ చిరునామా తీయడం, దొంగబండా కాదా చూడటం వాళ్ల పని. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద మెడ దగ్గర ఫ్రేము మీద ఉంటుంది, ఇంజన్ నంబరు ఇంజన్ కేసు మీద ఉంటుంది. ఆ చోట గీకినట్టో, ఆకురాయి పెట్టి రుద్దినట్టో కనబడితే నెల రోజులు ఆగొద్దు, ఆ రోజే స్టేషన్‌కు వెళ్లు.

పోలీసులు తీసుకెళ్లాక ఓనరు కోసం ప్రకటన ఇస్తారు, ఆరు నెలల గడువు ఉంటుంది. అప్పటికీ ఎవరూ రాకపోతే వేలం వేస్తారు. నీకు ఆ బండి అంత నచ్చితే వేలంలో పాడుకో, రసీదు ఉంటుంది, నిద్ర పడుతుంది.

ఈలోగా చేయకూడనివి కూడా చెబుతాను. తాళం పగలగొట్టొద్దు. ఒక్క బోల్టు విప్పొద్దు. పార్కింగ్ ఖాళీ అవుతుందని దాన్ని గేటు బయట రోడ్డు మీదికి తోయించొద్దు. మీ సెక్రటరీలాంటి వాళ్లకు మొదట తట్టేది అదే. రోడ్డు మీద పది గంటలకు మించి దిక్కులేకుండా ఉన్న బండిని పోలీసులు తీయించవచ్చని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ చెబుతుంది, నిజమే. కానీ తోయించింది మీరేనని సీసీ కెమెరాలో ఉంటుంది.

వాడుకుంటే ఏమవుతుందని కూడా అడిగావు. పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఉంది. ఇంకొకరి వస్తువును తనదిగా వాడుకుంటే తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువైతే రెండేళ్ల జైలు, జరిమానా. దొరికిన వస్తువు విషయంలో ఓనరును కనుక్కోవడానికి తగిన ప్రయత్నం చేశావా లేదా అని చూస్తారు. దారిలో దొరికిన వంద నోటుకు ఓనరెవరో తెలియదు, బండికి ముందూ వెనకా నంబరు రాసే ఉంటుంది కదా. పైగా దాని మీద వెళ్తూ నువ్వు ఎవరినైనా గుద్దితే? ఇన్సూరెన్స్ లేని బండి, ఎవరి పేరునో ఉన్న బండి. గుద్దించుకున్నవాడికి పరిహారం ఇవ్వమని కోర్టు ముందు ఆ పేరున్న మనిషినే పట్టుకుంటుంది. ఎక్కడో ఉన్న ఆ మనిషి ఇల్లు నీ వల్ల రోడ్డున పడుతుంది.

ఇంకొక మాట, ఇది వేరే విషయం. రోజూ చూసే దుమ్ము బండి కాకుండా, బస్టాపు దగ్గరో గుడి దగ్గరో కొత్తగా ఒక బండి నిలబడి, దానికి సంచో డబ్బానో వేలాడుతూ, మనిషి లేకపోతే దగ్గరికి వెళ్లొద్దు, వెంటనే 100కో 112కో ఫోన్ చెయ్యి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు సైకిళ్లకే పెట్టారు.

ఓనరు దొరికి, అమ్ముతానంటే మాత్రం సంతోషంగా కొనుక్కో. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు నీ ఎదురుగా పెట్టించు. ఆర్సీలో ఫైనాన్స్, అంటే బండి మీద అప్పు, ఉన్నట్టు రాసి ఉంటే, అది తీరిందని చెప్పే ఫారం 35, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ తెమ్మను. ఓనరు చనిపోయి ఉంటే ముందు వారసుల పేరుకి ఫారం 31తో మార్చి, వాళ్ల దగ్గర కొనాలి. పెద్ద కొడుకు ఒక్కడు సరే అన్నాడని డబ్బు చేతిలో పెట్టకు, తల్లినీ అడుగు. పెండింగ్ చలానాలు, రెన్యువల్, పాత బండ్లకు వేసే గ్రీన్ టాక్స్ ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకో.

అప్పుడు కూడా ఆత్రంగా కిక్ కొట్టకు. రెండేళ్లు నిలబడిన పెట్రోలు చెడిపోయి కార్బురేటర్లో జిగురులా పడుతుంది. ట్యాంకు మొత్తం ఒంపి, లోపల టార్చి వేసి తుప్పు చూడు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి, ఒక రాత్రి వదిలెయ్యి. తెల్లారి ప్లగ్గు లేకుండానే కిక్‌ను చేత్తో మెల్లగా నొక్కు. పిస్టన్ కదిలితే ఇంజన్ బతికే ఉన్నట్టు. బిగుసుకుంటే బలం చూపించకు, రింగులు పోతాయి. సీటు కింద వైరింగు ఎలుకలు కొరికాయేమో చూసి కానీ బ్యాటరీ కనెక్షన్ ఇవ్వకు. పగుళ్లు ఇచ్చిన టైర్లు చూడటానికి బాగున్నా మార్చాల్సిందే, ఇందులో పైసలు చూడకు.

ఇప్పుడు ఆ స్టిక్కరు సంగతి. మూడో ఫొటోలో చివరి నాలుగైదు అంకెలు, పైన "...పల్లి" అని సగం మాట కనిపిస్తోంది. అది మెకానిక్ షెడ్డు స్టిక్కరే. రేపు పగటిపూట సెల్ టార్చి వేసి, దగ్గర నుంచి, రెండు వైపుల నుంచీ ఫొటో తీసి పంపు. జగిత్యాల, పెద్దపల్లి వైపు మెకానిక్‌లు నాకు చాలామంది తెలుసు. ఊరు తేలితే ఆదివారం నేనే వెళ్లి ఆ ఇంట్లోవాళ్లను అడిగి వస్తాను. అప్పటిదాకా బండి మీద ఒక పాత దుప్పటి కప్పి ఉంచు.

నీ మామయ్య