మడమ ఎముక పెరిగిందంటే ఆపరేషనేనా?

ప్రశ్న: నా వయసు 46. స్కూల్లో టీచర్‌ని, రోజంతా నిలబడే పని. నాలుగు నెలలుగా పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెడితే చాలు, కుడి మడమలో సూదులు గుచ్చినట్టు నొప్పి. నాలుగడుగులు నడిచాక తగ్గుతుంది, సాయంత్రానికి మళ్లీ మొదలు. ఎక్స్‌రే తీసి ఎముక పెరిగిందన్నారు. ఆపరేషన్ అంటారేమోనని టెన్షన్‌గా ఉంది. మా అత్తగారు కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరిచి తొక్కమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ ఎముక గురించి భయం వదిలేయండమ్మా. మడమ కింద అలాంటి ముల్లు ఏ నొప్పీ లేని వాళ్ల ఎక్స్‌రేల్లోనూ కనిపిస్తుంది, నొప్పి పూర్తిగా పోయిన వాళ్లకీ అది అక్కడే ఉంటుంది. ఎక్స్‌రే చూపించి జనాన్ని ఇంతలా భయపెట్టడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

మీరు చెప్పిన తీరు చూస్తే ఇది ప్లాంటార్ ఫేషియా నొప్పిలా ఉంది. మడమ ఎముక నుంచి కాలి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఉండే మందపాటి పట్టీయే ఈ ప్లాంటార్ ఫేషియా, పాదం వంపును నిలబెట్టేది అదే. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడినా, ఒంటి బరువు పెరిగినా, పిక్క కండరాలు బిగుసుకుపోయినా ఆ పట్టీ మడమకు అతుక్కునే చోట దెబ్బతింటుంది. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండడంతో అది ముడుచుకుపోతుంది, లేవగానే ఒంటి బరువంతా పడి ఒక్కసారిగా సాగుతుంది కాబట్టే ఆ మొదటి అడుగు అంత నరకం.

అందుకే అసలు వైద్యం మంచం దిగకముందే మొదలవ్వాలి. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలి వేళ్లను చేత్తో పట్టుకుని మీ వైపు వెనక్కి లాగండి, అరికాలు బిగుసుకోవడం రెండో చేతికి తెలియాలి, పది అంకెలు లెక్కపెట్టి వదలండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలా. తర్వాత గోడకు చేతులానించి ఆ కాలిని వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ లేవకుండా ముందుకు వాలి 30 సెకన్లు ఉండండి, పిక్క సాగుతుంది. సాయంత్రం నీళ్లు గడ్డకట్టిన బాటిల్‌ని అరికాలి కింద పది నిమిషాలు దొర్లిస్తే ఉపశమనం.

చెప్పులు గుమ్మం బయట విప్పేసి టైల్స్ మీద ఒట్టి కాళ్లతో తిరగడం మన అందరి అలవాటే, కానీ ఈ కొన్ని నెలలు ఇంట్లోకి మాత్రమే వాడే మెత్తటి చెప్పుల జత ఒకటి కొనుక్కోండి, వంటగదిలో కూడా వేసుకోండి. అరిగిపోయిన పలచటి చెప్పులు స్కూలుకి వద్దు.

వేడి కాపడం హాయిగా ఉండొచ్చు గానీ పట్టీని బాగుచేయదు. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గిన వాళ్లు ఆ ఇటుక జోలికి అస్సలు వెళ్లకూడదు, కాలినా తెలియదు, పుండు పడుతుంది. అలాంటి వాళ్లకు ఐసు కూడా వద్దు. జిల్లేడు పాలు కంట్లో పడితే మరీ ప్రమాదం. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఊరటనిస్తుంది, పదే పదే తీసుకుంటే పట్టీ తెగొచ్చు, మడమ కింది కొవ్వు పొర పలచబడొచ్చు, కాబట్టి మొదటి మందుగా దాన్ని అడగకండి. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కాకపోతే నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా, వారం చేసి మానేయకండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. రెండు మడమలూ నొప్పే. పొద్దున నడుము గంటసేపు పట్టేసి ఉంటుంది, తిరిగితే వదులుతుంది. ఇదీ అదేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: కాకపోవచ్చు బాబూ. చిన్న వయసులో నడుము పట్టేయడం, విశ్రాంతితో కాక కదిలితే తగ్గడం, రెండు మడమలూ నొప్పెట్టడం కలిసి కనిపిస్తే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి కీళ్లవాతం ఉందేమో చూడాలి. పెయిన్ కిల్లర్లతో నెట్టుకురాకుండా త్వరగా రుమటాలజిస్ట్‌ని, అంటే కీళ్లవాతం డాక్టర్‌ని కలవండి, మడమతో పాటు నడుము సంగతి కూడా తప్పకుండా చెప్పండి.