ఫోటోలో మా బిర్యానీయే, అయినా మోసమంటున్నారు: సమాధానం

పార్సిల్ బిర్యానీ ఫోటోలో ఉన్నట్టు లేదని, మోసమని కస్టమర్లు అంటున్నారని మీరు రాశారు. తేడా ముక్కల దగ్గర వచ్చింది. ఫోటోకి ముక్కలన్నీ పైన పేర్చి ఉంటారు, బహుశా రెండు పార్సిళ్లవి ఒకే ప్లేటులో. "ఫోటోలో ఉన్నది మా వంటే కదా" అని మీరు అన్నారు, కానీ అది సరిపోదు. అమెరికా సూప్ కంపెనీ క్యాంప్‌బెల్ ప్రకటనలోనూ ఉన్నది సొంత సూపే. గిన్నె అడుగున గోళీలు వేసి కూరగాయ ముక్కలు పైకి కనబడేలా చేశారు. 1970లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (మోసపు ప్రకటనలను అడ్డుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఆ పని మాన్పించింది.

ఇలా చేయండి:

1. పార్సిల్ కట్టే అబ్బాయి చేత రోజూలాగే ఒక డబ్బా కట్టించండి. ఫోటో కోసమని ముందే చెప్పొద్దు. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. చెప్తే చేయి తెలియకుండానే ఇంకో లెగ్‌పీస్ వేస్తుంది, మళ్లీ అదే గొడవ.
2. ఆ డబ్బాలోది మొత్తం ప్లేటులో వేయండి. ముక్కలు కనబడేలా సర్దుకోవచ్చు, కొత్తవి కలపొద్దు.
3. పక్కనే ఖాళీ డబ్బా పెట్టి కిటికీ వెలుతురులో తీయండి. రంగు పెంచొద్దు.
4. గుడ్డు, రైతా పార్సిల్‌లో ఇస్తేనే ఫోటోలో పెట్టండి.
5. వివరాల్లో ముక్కలెన్నో, బరువెంతో రాయండి.

పాత ఫోటో ఈరోజే తీసేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది.