అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అవ్వాలంటే ఎంత చదవాలి?

అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు, గాయం తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాధన చేయించే చికిత్స) అసిస్టెంట్ కావడానికి సాధారణంగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చాలు. థెరపిస్టులా మాస్టర్స్ అక్కర్లేదు. అయితే ఆ కోర్సుకు ఏకోట్ (ACOTE, ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉండాలి, లేకపోతే ఎన్‌బీకాట్ (NBCOT, ఈ వృత్తికి జాతీయ సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థ) పరీక్షకు కూర్చోనివ్వరు. ఫీజు కట్టే ముందే ఇది చూసుకోవాలి. పరీక్ష పాసయ్యాక, పనిచేయబోయే రాష్ట్రంలో లైసెన్సు తీసుకోవాలి.

తరగతి చదువొక్కటే సరిపోదు. కనీసం 16 వారాల ఫుల్‌టైమ్ ఫీల్డ్‌వర్క్ తప్పనిసరి, ఎందుకంటే ఇది మనిషి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన పెద్దాయన చొక్కా తొడుక్కోవాలనుకోండి. ముందు పడిపోయిన చేతికి తొడిగి, తర్వాత బాగున్న చెయ్యి దూర్చాలి. విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. అసిస్టెంట్ దీన్ని ఓపిగ్గా, మళ్లీ మళ్లీ సాధన చేయిస్తారు. రోగిని అంచనా వేసి చికిత్స ప్రణాళిక ఖరారు చేసే బాధ్యత మాత్రం థెరపిస్టుదే.

చాలామంది దీన్ని ‘ఎయిడ్’ ఉద్యోగంతో కలిపేస్తారు. ఎయిడ్‌కి సాధారణంగా హైస్కూల్ చదువు సరిపోతుంది. గది, పరికరాలు సిద్ధం చేయడం వాళ్ల పని. ఇంకోటి, ఎన్నేళ్లు అసిస్టెంట్‌గా చేసినా థెరపిస్టు హోదా దానంతటదే రాదు; అందుకు పీజీ చదవాల్సిందే.